కారుకు గడప కడిగిన శుక్రవారాలు

మొన్న శుక్రవారం పొద్దున వనపర్తిలో మా చిన్నబిడ్డ ఇంటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఇంటి ముందర వాళ్ళ కొత్త కారు నిలబడి ఉంది. కొని పట్టుమని పది రోజులు కాలేదు, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. బిడ్డ తలస్నానం చేసి, ఇంటి గడప కడిగి పసుపు రాసి, చెంబులో మిగిలిన పసుపునీళ్ళతో నేరుగా కారు దగ్గరికి పోయి తలుపు తెరిచింది. ఆ చెంబు లోపలికి వంచబోతుంటే నేను ఎప్పుడు లేచానో, ఎట్లా పోయానో నాకే తెలియదు, పోయి ఆ చెయ్యీ చెంబూ కలిపి పట్టుకున్నాను. ఒడిలోని చిక్కుడుకాయలన్నీ వాకిట్లో పడ్డాయి.

"ఏందమ్మా, గట్ల గుంజుతవు? పసుపునీళ్ళే గదా," అంది బిడ్డ. "నువ్వు గాదూ నేర్పింది?"

నిజమే, నేర్పింది నేనే. ఎందుకు వద్దో చెప్పలేక, లోపల గుడ్డతో తుడిస్తే చాలు, నీళ్ళు పోయకు అని మాత్రం అన్నాను. అత్తమ్మకు కొత్త కారు మీద పాణం గొట్టుకుంటుందని అల్లుడు నవ్వాడు. నేనూ నవ్వినట్టు చేసి, వంగి కాయలు ఏరుకున్నాను. కాని ఆ పొద్దంతా నా చేతికి ఆ చెంబు చల్లదనం అంటుకునే ఉంది. ముప్పై ఏళ్ళకు పైబడిన సంగతి అది. ఇంతవరకు నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి చేతగాలేదు గనుకనే ఇట్లా రాస్తున్నాను.

మాది గద్వాల. పుట్టిందీ మెట్టిందీ నేత ఇంట్లోనే. అయితే మా ఇంటాయనది అన్నదమ్ములు నలుగురున్న ఇల్లు, మగ్గాలేమో రెండే. అందుకని ఆయన మీసాలు సరిగ్గా రాకముందే మగ్గం గుంట వదిలి స్టీరింగు పట్టుకున్నాడు. మా వీధి చివర ఉండే చీరల సావుకారు దగ్గర పద్నాలుగేళ్ళు డ్రైవరుగా చేశాడు. సావుకారు మంచివాడే, ఒక్క అలవాటు తప్ప. ఆయన డ్రైవరును పేరు పెట్టి పిలిచేవాడు కాదు, తన గడపలో నిలబడి రెండు చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పట్లు మా ఇంటిదాకా వినిపించేవి. అన్నం ముందర కూర్చున్నా, బిడ్డను ఎత్తుకుని ఉన్నా మా ఆయన లేచి పోవలసిందే. పెండ్లిళ్ళకు తీసుకుపోయినప్పుడు అందరూ పందిట్లో బంతిలో కూర్చుంటే ఈయనకు విస్తరి కారు దగ్గరికి వచ్చేది. ఆయన ఏనాడూ దాన్ని గురించి మాట్లాడలేదు గాని, ఇంట్లో పిల్లలు ఆటకు చప్పట్లు కొడితే మాత్రం కసురుకునేవాడు.

సావుకారు కొత్త బండి కొన్నప్పుడు, ఇన్నేళ్ళ చాకిరీకి బదులు అనుకోమని పాత కారును మా ఆయనకే ఇచ్చేశాడు. అప్పట్లో ఆఫీసర్లకూ పెండ్లివాళ్ళకూ ఒక్కటే రకం కారు ఉండేది, గుండ్రటి మూతి, సోఫాలాంటి వెనక సీటు, ఎంతమంది ఎక్కినా కాదనని కడుపు. నా ఈడువాళ్ళకు పేరు చెప్పనక్కరలేదు. మాదీ ఆ కారే, తెల్లది. దాన్ని కిరాయిలకు తిప్పుకుని బతకవచ్చని ఆయన ఆశ. ఇంటి ముందర ఆపి, దిగి, తలుపు వేసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ వేసి, "ఇగ నన్ను చప్పట్లు గొట్టి పిలిచేటోడు లేడే," అన్నాడు. ఆ మాట నాకు ఎంత గుర్తుందంటే, మా పెండ్లినాటి మంత్రాలు కూడా అంత గుర్తు లేవు.

కారు వచ్చిన మరునాడు మా అత్త వాకిట్లో నిలబడి దాన్ని చుట్టూ తిరిగి చూసింది. తలుపు తెరిస్తే కింద ఎత్తుగా అడ్డంగా ఉండే పట్టీని కాలితో తాకి, వెంటనే ఆ కాలు వెనక్కి తీసుకుని, చేతితో తాకి కళ్ళకద్దుకుంది. తలుపు ఉన్నాక గడప ఉంటుంది, గడప ఉన్నాక లక్ష్మి ఉంటుంది అన్నది ఆమె లెక్క. శుక్రవారం ఇంటి గడపకు ఏమేమి చేస్తామో కారుకున్న నాలుగు గడపలకూ అవన్నీ చేయాలని నాకు చెప్పింది. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. నాలుగు తలుపులూ తెరిచి, బకెట్టుతో లోపలికి నీళ్ళు పోసి, చీపురుతో కడిగి, గడపలకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టి, ఊదుబత్తి ముట్టించేదాన్ని. మా ఇంట్లో పరిచింది బండలు. నీళ్ళు పోస్తే మూలనున్న తూములోంచి బయటికి పోతాయి. కారులో పోసిన నీళ్ళు కూడా అట్లాగే ఎక్కడినుంచో పోతాయనుకున్నాను. కింద పరిచిన నల్లటి రబ్బరు పట్టా పైన నీళ్ళు కనిపించకపోతే పోయాయనే అనుకున్నాను. ఆ పట్టా కింద గోనెలాంటి మందపాటి పరుపు ఒకటి ఉంటుందని, అది దూదిలాగా నీళ్ళు పీల్చుకుని వారమంతా తడిగా కూర్చుంటుందని నాకు తెలియదు. ఆయన శుక్రవారం పొద్దున్నే కిరాయి కార్ల స్టాండు దగ్గరికి పోయి చాయ తాగి, నలుగురితో మాట్లాడి వచ్చేసరికి నా పని అయిపోయి, బండి అగరు వాసనతో మెరుస్తూ ఉండేది. మా లక్ష్మి తయారైందా అని అడిగి ఎక్కేవాడు. నేను పైపైన తుడుస్తాననుకున్నాడే గాని, బకెట్లతో పోస్తున్నానని ఆయన చూడనూ లేదు, నేను చెప్పనూ లేదు. చెప్పవలసిన సంగతని కూడా తోచలేదు.

తొమ్మిదేళ్ళు అట్లా కడిగాను.

ఆ తొమ్మిదేళ్ళు మంచి రోజులని చెప్పుకోవాలి. పెండ్లిళ్ళ కాలంలో ఆయన ఇంటి పట్టున ఉండేవాడు కాదు. వనపర్తికి పెండ్లికొడుకు, నాగర్‌కర్నూలుకు చూపులవాళ్ళు, బీచుపల్లికి మొక్కులవాళ్ళు, ఒకసారి అమ్రాబాద్ దాకా బాలింతనూ పసిపిల్లనూ దింపి రావడం. కిరాయి లేని నాడు నన్నూ పిల్లలనూ ఎక్కించుకుని ఊరికే కృష్ణ మీది వంతెన దాకా తీసుకుపోయేవాడు. నాకు అప్పుడు అక్షరం ముక్క రాదు. దారి పక్కన రాళ్ళ మీద, బోర్డుల మీద రాసి ఉన్నవాటిని ఆయన నడుపుతూనే గట్టిగా చదివి వినిపించేవాడు. ఊరి పేరు చదివేవాడు, ఇంకెంత దూరమో చదివేవాడు, ఎరువుల దుకాణం బోర్డూ చదివేవాడు. ఒకసారి గోడ మీద ఇక్కడ మూత్రం పోయరాదని రాసి ఉంటే అదీ అంతే గట్టిగా చదివి, వెనక కూర్చున్న మా అత్త చేత తిట్లు తిన్నాడు. ఆ కారులో పోతుంటే లోకమంతా నాకు ఆయన గొంతులో వినిపించేది.

పదో ఏట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, తెలకపల్లికి ఒక పెండ్లి కిరాయి వచ్చింది. వెనక సీటులో పెండ్లికూతురు నాయనమ్మ కూర్చుంది. చేతిలో కర్ర. గతుకులో బండి ఎగిరిపడ్డప్పుడు ఆమె కర్రను కింద గట్టిగా ఊనితే అది జానెడు లోపలికి దిగిపోయింది. ఆమె కేకలేమీ వేయలేదట. వంగి చూసి, "కొడుకా, కింద తొవ్వ గనబడ్తుంది, జర నిమ్మళంగ పోనియ్యి," అన్నదట. ఆయన ఇంటికి వచ్చి ఆ మాట చెబుతూ నవ్వాడు, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆయన వెనక సీటు తీసి, రబ్బరు పట్టా ఎత్తి చూశాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నవ్వలేదు.

కింద రేకు లేదు. రేకు ఉండవలసిన చోట ఎర్రటి అట్టలు ఉన్నాయి. వేలితో నొక్కితే మాడిన జొన్నరొట్టె అంచులాగా విరిగిపోతున్నాయి. కిరాయి బండి రోడ్డు మీద తిరగాలంటే ఏడాదికోసారి రవాణా ఆఫీసుకు తీసుకుపోయి చూపించి, బాగుందని కాగితం తెచ్చుకోవాలి. ఆ గడువు ఇంకా రెండు నెలలు కూడా లేదు. కాగితం రాకపోతే బండి నిలిచిపోతుంది, బండి నిలిచిపోతే మళ్ళీ వీధి చివరి చప్పట్లే. ఆ మాట ఆయన అనలేదు. అనకపోయినా ఇంట్లో అందరికీ అర్థమైంది.

ఊళ్ళో కారు రేకులపని చేసే షాపులో అడిగితే కింది భాగమంతా కోసి కొత్తగా వేయాలి, పెండ్లిళ్ళ కాలం దాటేదాకా తీరదు అన్నారు. ఆయనకు ఓపిక లేకపోయింది. కిటికీలకు ఇనుప ఊచలు అతికేవాళ్ళ దగ్గర ఒక పాత వెల్డింగు మిషను తెచ్చి మా ఇంటి ముందర పెట్టాడు. అది నూనె పోసిన ఇనుప పెట్టె, మీట వేస్తే తేనెతుట్టెలాగా గుంయిమనేది. సీట్లన్నీ విప్పి అరుగు మీద వేశాడు. మా అత్త వెనక సీటు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఆకు నములుతూ, కారు కదలకపోయినా తాను మాత్రం ఎక్కడికో పోతున్నట్టు వీధిని చూస్తుండేది.

ఆయనకు వెల్డింగు రాదు. చూస్తే వచ్చేస్తుందని అనుకున్నాడు. నల్ల అద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని, వెల్డింగు పుల్లను రేకుకు ఆనించగానే మెరుపులు లేచేవి, దాంతోపాటు మా వీధిలో ఉన్న బల్బులన్నీ మినుకుమినుకుమనేవి. మగ్గం గుంటల్లో ఆ ఒక్క బల్బు వెలుతురులోనే జరీ పోగులు ఏరుకునేవాళ్ళకు అది ఎంత ఇబ్బందో నేత ఇంటి ఆడదాన్ని, నాకు తెలియనిది కాదు. రెండో రోజే ఎదురింటి పెద్దాయన గుంటలోంచి తల బయటికి పెట్టి, "ఏం తమ్మీ, నువ్వు కారుకు అతుకు ఏస్తున్నవా, మా కండ్లకు గంతలు గడ్తున్నవా?" అని అడిగాడు. అప్పటినుంచి మా ఆయన మగ్గాలవాళ్ళు అన్నాలకు లేచే వేళ చూసుకుని ఎర్రటి ఎండలో ఆ పని పెట్టుకున్నాడు. మా చిన్న మరిది పోతూ వస్తూ ఆగి, "వదినే, మా అన్న కారుకు దినాం సూదులు ఏస్తుండు, దవాఖానల గూడ గన్ని సూదులు ఏయరు," అని నవ్వించబోయేవాడు.

కారు రేకు పలుచన, ఊచలకు వాడే ఆ మంట పెద్దది. ఒక బొక్క మూయడానికి కొత్త రేకుముక్క పెట్టి పుల్ల ఆనిస్తే ముక్క అతుక్కునేది కాదు, దాని పక్కనున్న పాత రేకు కాలి ఇంకో బొక్క పడేది. రూపాయి బిళ్ళంత బొక్కతో మొదలుపెడితే మధ్యాహ్నానికి అరచేతంత అయ్యేది. దాని మీద ఇంకా పెద్ద ముక్క పెట్టేవాడు. ఎక్కడో గోనె అంటుకుని పొగ లేచేది. నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని పక్కనే నిలబడి ఉండాలి, పొయ్యమన్నప్పుడు పోయాలి. పోసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఏమనాలో తెలియదు గాని, ఆ కారుకు నా చేతి నీళ్ళు అప్పుడు కూడా తప్పలేదు.

ఒకరోజు రేకుముక్క కదలకుండా పట్టుకారుతో పట్టుకోమన్నాడు. ముఖం పక్కకు తిప్పుకోమని చెప్పాడు గాని, నేను ఒకసారి అతుక్కుంటుందా లేదా అని చూశాను. పొద్దుగూకేసరికి కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టయింది. మా అత్త పక్కింటి బాలింత దగ్గరికి పోయి రెండు చుక్కల చనుబాలు తెచ్చి కళ్ళలో వేసింది. రెండు రోజులు నేను పోగు చూడలేకపోయాను. ఆయన నా మంచం పక్కన కూర్చుని తన కళ్ళు కూడా నులుముకుంటూ నా చేతికి అంటిన మసిని గుడ్డతో తుడిచాడు. ఆయన ఆ అద్దం అడ్డం పెట్టుకోకుండా ఎన్నిసార్లు చూశాడో ఎవరు లెక్కపెట్టారు.

నా పని పోగులు అతకడం. నేతవాళ్ళకు తెలుసు, మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాతపోగు కొసకు బూడిద అద్దుకున్న వేళ్ళతో పురిపెట్టి అతుకుతాము. వేలకు వేల పోగులు. మా అమ్మ నాకు నేర్పిన మొదటి మాట, నాని చివికిన పోగుకు అతుకు వేయకు, గట్టి పోగు దొరికేదాకా వెనక్కి తెంపుకుంటూ పో అని. లేకపోతే అతుకు నిలుస్తుంది గాని దాని పక్కన తెగుతుంది. కారు కూడా నాకు అట్లాగే కనిపించింది. ఒకనాడు ధైర్యం చేసి, గట్టి రేకు వచ్చేదాకా కోసి అక్కడ అతకరాదా అన్నాను. ఆయన చెమట తుడుచుకుంటూ, "ఇది చీర గాదే, ఇనుము," అన్నాడు. కోపంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇంత జరుగుతున్నా శుక్రవారం వస్తే నా గడపలు నేను కడుగుతూనే ఉన్నాను. కారుకు బాగాలేనప్పుడు ఇంకా ఎక్కువ చేయాలి గదా అని, ఆయన అతికిన రేకుల మీద కూడా రెండు చెంబులు ఎక్కువే పోసి పసుపు రాశాను. ఆయన స్టాండు నుంచి వచ్చేసరికి నీళ్ళు బొక్కల్లోంచి కారిపోయి, పసుపొక్కటే కనిపించేది. వారం తిరిగేసరికి కొత్త రేకు మీద కూడా ఎర్రటి పొడలు వచ్చాయి. ఆయనకు పిచ్చెక్కినట్టయింది. ఎక్కడినుంచో నీళ్ళు దిగుతున్నాయి, ఆ దారి మూయకపోతే ఎన్ని రేకులు వేసినా ఇంతే అని, ముందర అద్దం చుట్టూ ఉన్న రబ్బరు విప్పి మళ్ళీ బిగించాడు, తలుపుల రబ్బర్లు మార్చాడు. అప్పటికీ నమ్మకం కుదరక ఒకరోజు నన్ను లోపల కూర్చోమన్నాడు. తాను పైకెక్కి బిందెలతో కారు పైన నీళ్ళు పోస్తాడు, ఎక్కడ చుక్క పడుతుందో నేను చూసి చెప్పాలి.

సీట్లు లేని ఆ కారులో చిన్న పీట వేసుకుని కూర్చున్నాను. తలుపులన్నీ మూశాడు. పైన వాన కురిసినట్టు చప్పుడు. అద్దాల మీద నీళ్ళు ధారలు కట్టి పోతుంటే బయట ఆయన కాళ్ళూ, మా అత్తా, వీధీ అన్నీ కరిగిపోతున్నట్టు కనిపించాయి. నేను పైకి చూశాను, మూలలు చూశాను, చేత్తో తడిమాను. ఒక్క చుక్క పడలేదు. ఏడు బిందెలు పోసినా లోపల పొడిగానే ఉంది. అప్పుడు కిందికి చూశాను. ఆయన మడిచి పక్కకు పెట్టిన రబ్బరు పట్టా అడుగువైపు పైకి తిరిగి నా కాలి దగ్గర ఉంది. దాని అడుగంతా పచ్చగా ఉంది, ఆయన కళ్ళకు అదీ తుప్పులాగే కనిపించి ఉంటుంది. తుప్పు ఎరుపు కాదు, పసుపు. తొమ్మిదేళ్ళ శుక్రవారాలన్నీ అక్కడ పేరుకుని ఉన్నాయి.

"ఏడికెల్లి వస్తున్నయే, కనబడ్డదా?" అని ఆయన పైనుంచి అడుగుతున్నాడు.

నేను ఆ పసుపును వేలితో రుద్ది చూశాను. రెండోసారి అడిగితే, ఏడా లేదయ్యా, అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. తలుపు తెరుచుకుని దిగేటప్పుడు ఆ పట్టాను పసుపు కనిపించకుండా తిరగేసి పెట్టాను. ఆ ఒక్క పని నేను తెలిసి చేసింది. కడిగినదంతా తెలియక చేసింది, ఇది మాత్రం తెలిసే చేశాను.

ఎందుకు చెప్పలేదంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అరుగు మీద మా అత్త ఉంది, ఆమె పెట్టిన ఆచారం అది. ఆయన ముఖం చూస్తే నెల రోజుల్లో పదేళ్ళ ముసలితనం వచ్చింది. ఇకనుంచి నీళ్ళు ఆపేస్తే అదే సర్దుకుంటుందని, అప్పుడు చెప్పవలసిన పనే ఉండదని కూడా అనుకున్నాను. మరుసటి శుక్రవారం వేలితో గడపలకు ఇంత పసుపు తాకించి వచ్చేశాను. "ఏమే కోడలా, లక్ష్మిని గూడ దొంగపని జేస్తవా?" అని అత్త తిట్టింది. పడ్డాను.

ఆ వారంలోనే వనపర్తినుంచి మిస్త్రీ వచ్చాడు. సాయిబుల పెద్దాయన, మా ఆయనకు స్టీరింగు పట్టిన రోజుల నుంచి తెలిసినవాడు. రేకుపనిలో జీవితం గడిపి చేతులు వణికి మానుకున్నవాడు, ఈయన కబురు చేస్తే మాట తీసేయలేక బస్సెక్కి వచ్చాడు. చిన్న సుత్తె తీసుకుని ముందునుంచి వెనకదాకా టకటకా కొట్టుకుంటూ పోయాడు. గట్టి రేకు మీద పడ్డప్పుడు ఒక చప్పుడు, తుప్పు మీద పడ్డప్పుడు ఇంకో చప్పుడు. పోగా పోగా ఆ రెండో చప్పుడే వచ్చింది. పట్టా ఎత్తి చూశాడు. ఆ పసుపును గోటితో గీరి, వాసన చూసి, ఒక్కసారి నా వైపు చూశాడు. నేను చాయ గ్లాసు పట్టుకుని అక్కడే రాయిలాగా నిలబడి ఉన్నాను. ఆయన పట్టాను యథాప్రకారం తిరగేసి పెట్టాడు.

మా ఆయనతో మాత్రం, "అతుకు ఎయ్యనీకె గట్టి రేకు ఉండాలె గదా బేటా. నువ్వు గాలికి అతుకు ఏస్తున్నవు," అన్నాడు. ఆ మాటకు మా ఆయన నా ముఖం చూశాడు. పోగుల మాట గుర్తుకొచ్చిందని నాకు తెలిసింది. ఆ చూపులో, నువ్వు చెప్పినప్పుడు వినలేదు అన్న సిగ్గు ఉంది. ఆ సిగ్గు ఆయనకు దక్కవలసింది కాదు. చేతులు కడుక్కోవడానికి నేను నీళ్ళు పోస్తుంటే మిస్త్రీ తల ఎత్తకుండానే మెల్లగా, "బండికి గడప ఉండదు బిడ్డా. ఇంటికే ఉంటది," అన్నాడు. ఆయన ఆ మాట ఇంకెక్కడా అనలేదు. కొన్నేళ్ళకు ఆయన పోయాడని తెలిసినప్పుడు, నా రహస్యాన్ని మోసిన ఇంకొక మనిషి లేకుండా పోయాడని నేను పోగులు అతుకుతూ ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు, బూడిద కళ్ళలో పడిందనుకున్నారు.

గడువు రోజు వచ్చింది. ఆయన బొక్కలన్నిటి మీదా రేకుముక్కలు, వాటి మీద సందులు పూడ్చే లప్పం, లప్పం మీద ఎర్ర రంగు, దాని మీద నల్ల రంగు వేశాడు. పైకి కొత్తదానిలాగే ఉంది. బీచుపల్లి అంజన్నకు మొక్కుకుని పోదామని నన్నూ ఎక్కించుకున్నాడు. ఆ దారిలో ఆయన ఒక్క బోర్డు కూడా చదవలేదు. ఆఫీసులో పరీక్ష చేసే ఆయన వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. కింద వంగి చూసి, స్క్రూడ్రైవరు కొసతో ఒకచోట ఊరికే తాకాడు. పొడవను కూడా లేదు. అది లప్పంలోకి దిగిపోయింది. ఇంకోచోట తాకాడు, అక్కడా అంతే. లేచి చేతులు దులుపుకుని, పెద్దాయనా, దీంట్ల మనుషులను ఎక్కించొద్దు అన్నాడు. మా ఆయన వాదించలేదు. తప్పు చేసి దొరికిన పిల్లవాడిలాగా తల ఊపాడు.

తిరిగి వస్తూ కృష్ణ ఒడ్డున బండి ఆపాడు. మెట్ల మీద కూర్చున్నాము. నేను కట్టుకొచ్చిన సద్ది మూట విప్పలేదు. నీళ్ళ వైపు చూస్తూ తన రెండు అరచేతులూ తెరిచి చూసుకున్నాడు, నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలతో నిండిపోయి ఉన్నాయి.

"నా చేతుల పనితనం లేదే. మంచి బండిని నేనే ఖరాబ్ జేసిన," అన్నాడు.

అదే అదను. చెప్పాలంటే అంతకన్నా మంచి ఘడియ ఇంకొకటి రాదు. చుట్టుపక్కల అత్త లేదు, మరిది లేడు, ఎదురింటి పెద్దాయన లేడు. నీళ్ళూ మేమిద్దరమూ. నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆయన భారం దిగుతుంది, నాకు ఎక్కుతుంది. నేను మూట విప్పి, పోనియ్యి, జర అన్నం తిను అన్నాను. ఆయన తిన్నాడు. నేనూ తిన్నాను. ఎట్లా దిగిందో.

కారు పాత ఇనుముకు పోయింది. తీసుకుపోయేవాళ్ళు దాన్ని మా వాకిట్లోనే ముక్కలుగా కోశారు. ఆయన ఆ పొద్దు ఇంట్లో లేడు. మా అత్త ఒక తలుపు ఉంచుకుని కోళ్ళగూటికి పెట్టించుకుంది, శుక్రవారం దానికీ పసుపు రాసేది. మరుసటి నెలలో వీధి చివర చప్పట్లు వినిపించాయి. సావుకారు పెద్దవాడయ్యాడు, ఇప్పుడు కొట్టేది కొడుకు, అవే రెండు చప్పట్లు. ఆయన అన్నం ముందరినుంచి లేచి చెయ్యి కడుక్కుని పోయాడు. నేను ఆ విస్తరిని చాలాసేపు తీయలేకపోయాను. అట్లా ఇంకో పదహారేళ్ళు పోయాడు.

కాలం గడిచాక ఆయన దాన్ని నవ్వులాటగా మార్చుకున్నాడు. ఇంటికి ఎవరు వచ్చినా, అల్లుళ్ళకూ వియ్యంకులకూ, తాను సొంతంగా వెల్డింగు చేసి బంగారంలాంటి కారును ఎట్లా జల్లెడ చేశాడో అభినయం చేసి చెబుతాడు. అందరూ నవ్వుతారు. నేను చాయలు అందిస్తూ నవ్వుతాను.

అత్త పోయిన తర్వాత, పిల్లల పెండ్లిళ్ళయిన తర్వాత, మా వీధిలో ఆడవాళ్ళకు చదువు చెప్పడానికి ఒక పంతులమ్మ వస్తే నేనూ పలక పట్టుకున్నాను. అప్పటికి నాకు యాభై దాటాయి. పోగులు పట్టిన వేళ్ళకు బలపం పట్టడం కష్టమేమీ కాలేదు. బస్సులో వనపర్తికి పోతూ మొదటిసారి దారి పక్కన బోర్డు నా అంతట నేను చదువుకున్న పొద్దు, ఆ ఊరి పేరు నా గొంతులో కాక ఆయన గొంతులోనే వినిపించింది.

ఇప్పటి కార్లను చూస్తే నాకు అన్నీ కొత్తగానే ఉంటాయి. లోపలంతా మూసేసి ఉంటుంది, కింద ఏముందో కొన్నవాళ్ళకు కూడా తెలియదు. తుప్పు పట్టేదాకా ఎవరూ ఉంచుకోరు. సుత్తెతో కొట్టి చప్పుడు విని ఇక్కడిదాకా గట్టిది అని చెప్పే చెవులు లేవు, అవసరమూ లేదంటారు. మా వీధిలో కూడా పోగులు అతికే చేతులు తగ్గిపోయాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ కలపవలసిన పని లేని కాలం వచ్చింది. మంచిదే కావచ్చు. కాని అతుకు వేసే కాలంలో మనిషి పాతదాన్ని ఒకసారి వెనక్కి పోయి చూసుకునేవాడు, గట్టి చోటు దొరికేదాకా.

ఆయనకు చూపు సన్నగిల్లింది. వయసువల్లనే అంటాడు డాక్టరు. నాకు మాత్రం ఆ ఎర్రటి ఎండలో లేచిన మెరుపులే గుర్తొస్తాయి. రోజూ పొద్దున చాయ తాగాక నేనే పేపరు చదివి వినిపిస్తాను. ఊళ్ళ పేర్లు, వానల సంగతులు, చివరికి సిమెంటు ప్రకటనలు కూడా. ఒకప్పుడు ఆయన నాకు చదివినట్టే. ఒకటి అయిపోగానే, తర్వాత ఏంది, అని అడుగుతాడు.

ఇది అచ్చయి చేతికి వస్తే ఆయన మంచం మీద సర్దుకుని కూర్చుని, నా పెండ్లాం రాసిందని నలుగురికీ చెప్పి, చెవి ఇటు పెట్టి చదవమంటాడు. చిక్కుడుకాయలదాకా చదువుతాను. సావుకారు చప్పట్లూ చదువుతాను. పీట మీద కూర్చుని కిందికి చూసినదాకా వచ్చేసరికి ఏమవుతుందో నాకు తెలియదు. అక్కడ ఒక పేజీ తిప్పేసినా ఆయనకు కనిపించదు. రబ్బరు పట్టా తిరగేసినంత సులువు.

తర్వాత ఏంది అని మాత్రం అడుగుతాడు.